ఆర్‌పీఎం రాకపోతే తప్పు ఇంజన్‌దా, ప్రొపెల్లర్‌దా?

సొంతంగా చిన్న విమానం కట్టుకునేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది: "ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా ఆర్‌పీఎం రావడం లేదు, ఏ ప్రొపెల్లర్ కొనమంటారు?" నేను వెంటనే ఏ పేరూ చెప్పను. ఇంజన్ ఇవ్వాల్సిన పవర్ ఇస్తోందని మీకెలా తెలుసని ముందు అడుగుతాను. చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ఒకప్పుడు నా దగ్గరా లేదు.

నా మొదటి విమానానికి కారు ఇంజన్‌ని మార్చి పెట్టుకున్నాను. నేల మీద ఫుల్ థ్రాటిల్‌లో 2,650 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటేది కాదు. పిచ్ (ఒక చుట్టులో ప్రొపెల్లర్ ముందుకు కదలాల్సిన దూరం) ఎక్కువైందనుకుని, 2 అంగుళాలు తక్కువ పిచ్‌తో ఇంకో చెక్క ప్రొపెల్లర్ చేయించాను. అది బిగించాక 2,800 వచ్చింది. సమస్య తీరిందనుకున్నాను. ఆరు నెలల తర్వాత వేరే పని మీద కౌలింగ్ (ఇంజన్ పై కప్పు) విప్పినప్పుడు అసలు సంగతి బయటపడింది. కాక్‌పిట్‌లో నాబ్‌ని చివరిదాకా నెట్టినా, కార్బురేటర్ మీద లివర్ స్టాపర్‌ని తాకడం లేదు. కేబుల్ క్లాంప్ కొద్దిగా జారింది, అంతే. అది సరిచేసి ఎగిరితే లెవెల్ ఫ్లైట్‌లో ఇంజన్ రెడ్‌లైన్ (తిరగదగ్గ గరిష్ఠ ఆర్‌పీఎం) దాటిపోయింది. గోడకి తగిలించి ఉంచిన పాత ప్రొపెల్లరే ఆ విమానానికి సరైనదని అప్పుడు తెలిసింది.

అందుకే ఈ వ్యాసంలో సగం ఇంజన్ గురించే ఉంటుంది. ఇంజన్ ఆరోగ్యం తేల్చుకోకుండా ప్రొపెల్లర్ ఎంచుకోవడమంటే, జ్వరంతో ఉన్న మనిషికి బట్టల కొలతలు తీసుకున్నట్టే.

ప్రొపెల్లరే మీ త్రాసు

ఇంజన్ పవర్ కొలవడానికి డైనమోమీటర్ అక్కర్లేదు. ముక్కుకి బిగించిన ప్రొపెల్లరే ఆ పని చేస్తుంది. ఫిక్స్‌డ్ పిచ్ ప్రొపెల్లర్ తిరగడానికి తీసుకునే పవర్ ఆర్‌పీఎం ఘనంతో పాటు పెరుగుతుంది. ఆర్‌పీఎం 10 శాతం పెరగాలంటే పవర్ 33 శాతం పెరగాలి. ఇదే లెక్కని వెనక్కి తిప్పితే అసలు ఉపయోగం తెలుస్తుంది. పోయిన నెల నేల మీద 2,850 తిరిగిన ప్రొపెల్లర్ ఇవాళ 2,700 మాత్రమే తిరుగుతోందనుకుందాం. "150 తగ్గింది, పర్వాలేదులే" అనిపిస్తుంది. లెక్క వేస్తే ఇంజన్ పవర్‌లో సుమారు 15 శాతం పోయింది. నాలుగు సిలిండర్లలో ఒకటి సరిగా పనిచేయడం లేదేమోనని అనుమానించాల్సినంత పెద్ద తేడా ఇది.

"ఎండ ఎక్కువగా ఉంది కాబట్టి ఆర్‌పీఎం తగ్గింది" అనే మాట తరచూ వింటుంటాం. ఇందులో నిజం తక్కువ. వేడికీ ఎత్తుకీ గాలి పలచబడితే ఇంజన్ పవర్ తగ్గేది నిజమే. కానీ అదే పలచని గాలిని కోసుకుంటూ తిరగడం ప్రొపెల్లర్‌కీ తేలికవుతుంది. రెండూ దాదాపు సమానంగా సరిపోవడంతో నేల మీద ఆర్‌పీఎం పెద్దగా మారదు. తగ్గేది థ్రస్ట్, అంటే విమానాన్ని ముందుకు లాగే బలం. కాబట్టి వేడి రోజున ఆర్‌పీఎం బాగానే ఉందని రన్‌వే పొడవు లెక్కలో ధీమా పడొద్దు. ఆర్‌పీఎం బాగా పడిపోతే నెపం వాతావరణం మీద నెట్టొద్దు.

కొలత నమ్మదగ్గది కావాలి. పాత మెకానికల్ టాకోమీటర్లు 50, 100 ఆర్‌పీఎం తప్పు చూపించడం మామూలే. చేతిలో పట్టుకునే ఆప్టికల్ టాకోమీటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. బ్లేడ్ల సంఖ్య సెట్టింగ్ సరిచూడండి: మూడు బ్లేడ్ల ప్రొపెల్లర్‌ని రెండు బ్లేడ్ల సెట్టింగ్‌లో కొలిస్తే ఒకటిన్నర రెట్లు చూపిస్తుంది. ట్యూబ్‌లైట్ల కింద కొలవొద్దు, ఆ కాంతి మినుకుని కూడా మీటర్ లెక్కేస్తుంది. గాలి లేని తెల్లవారుజాము మంచిది. ఎదురుగాలి ఉంటే ప్రొపెల్లర్ మీద బరువు తగ్గి ఆర్‌పీఎం ఎక్కువ కనిపిస్తుంది. చక్రాలకి చాక్‌లు వేసి, తోకని గట్టిగా కట్టి, కంకర లేని నేల మీద, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక పది సెకన్లు ఫుల్ థ్రాటిల్. వచ్చిన అంకెని తేదీతో పాటు పుస్తకంలో రాయండి. కొత్త విమానం మొదటి రోజు అంకె రాసి ఉంచుకున్నవాళ్లకి తర్వాత సగం టెన్షన్ తగ్గుతుంది.

ఎప్పుడు తగ్గుతోందన్నదే ఆధారం

ఇంజన్ బలహీనతకి కారణాలు ఇరవై ఉండొచ్చు. వాటిని వరసగా వెతుక్కుంటూ పోతే వారాలు గడుస్తాయి. నేను ముందు చూసేది, ఆ బలహీనత ఎప్పుడు కనిపిస్తోందన్నది. స్టార్ట్ చేసినప్పటి నుంచీ ఎప్పుడూ తక్కువేనా? బాగా మొదలై కొన్ని నిమిషాల తర్వాత పడిపోతోందా? ఒక్క ఆర్‌పీఎం రేంజ్‌లోనే తడబడుతోందా? ఈ మూడూ మూడు వేర్వేరు దారుల్లో తీసుకెళ్తాయి.

ఎప్పుడూ తక్కువే అయితే మొదట థ్రాటిల్ ప్రయాణం చూడండి. ఒకరు కాక్‌పిట్‌లో నెట్టాలి, ఇంకొకరు కార్బురేటర్ దగ్గర కళ్లతో చూడాలి. తర్వాత చోక్ పూర్తిగా ఆఫ్ అవుతోందా అని చూడండి. ఆ తర్వాత కార్బ్ హీట్ తలుపు, అంటే మంచు కట్టకుండా కార్బురేటర్‌కి వేడి గాలి పంపేది. అది సరిగా మూసుకోకపోతే ఇంజన్ ఎప్పుడూ వేడి గాలే పీలుస్తూ పవర్ పోగొట్టుకుంటుంది. దీన్ని తెలుసుకోవడం తేలిక. రన్‌అప్‌లో (టేకాఫ్ ముందు నేల మీద చేసే ఇంజన్ పరీక్షలో) కార్బ్ హీట్ లాగితే ఆర్‌పీఎం కొంచెం తగ్గాలి. ఏమీ తగ్గకపోతే వేడి గాలి అసలు రావడం లేదు, లేదా ముందు నుంచే వస్తోంది. ఇవన్నీ బాగుంటే ఎయిర్ ఫిల్టర్, ఇగ్నిషన్ టైమింగ్, చివరగా కంప్రెషన్.

కంప్రెషన్ కోసం కాంటినెంటల్, లైకమింగ్ లాంటి ఇంజన్లకి డిఫరెన్షియల్ టెస్ట్ చేస్తారు. 80 పీఎస్ఐ గాలి పంపి, సిలిండర్ ఎంత నిలుపుకుంటోందో చూస్తారు. 60 కంటే తగ్గితే వెతకాలన్నది చాలాకాలంగా మెకానిక్‌లు వాడే గుర్తు. అయితే అంకె కంటే చెవి ఎక్కువ చెబుతుంది. ఎగ్జాస్ట్ పైపులో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బురేటర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు. ఈ టెస్ట్ చేసేటప్పుడు ఆ గాలి ఒత్తిడికే ప్రొపెల్లర్ గిర్రున తిరగగలదు. దాన్ని గట్టిగా పట్టుకునే మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి.

రెండో దారి నాకు ఎక్కువ భయం పుట్టించేది. టేకాఫ్ బాగా జరుగుతుంది, రెండు మూడు నిమిషాల క్లైమ్ తర్వాత ఆర్‌పీఎం నెమ్మదిగా జారుతుంది. ఎంత చిన్న ఎత్తులో ఉన్నామన్నది అప్పుడే గుర్తొస్తుంది. ఇలాంటప్పుడు దోషి చాలావరకు ఇంధనమే, లేదంటే మంచు.

ఇంధనం సంగతి నేల మీదే తేల్చుకోవచ్చు. ముక్కు పైకెత్తి, క్లైమ్‌లో ఉండే కోణంలో విమానాన్ని నిలబెట్టండి. ట్యాంకులో కొద్దిపాటి ఇంధనమే ఉంచి, కార్బురేటర్ దగ్గర పైపు విప్పి, నిమిషంలో ఎంత వస్తుందో డబ్బాలో పట్టండి. గ్రావిటీ ఫీడ్ అయితే ఫుల్ పవర్ వాడకానికి 150 శాతం, పంపు ఉంటే 125 శాతం రావాలి. ఫుల్ పవర్‌లో గంటకు 24 లీటర్లు తాగే ఇంజన్‌కి గ్రావిటీ ఫీడ్‌లో గంటకు 36 లీటర్లు, అంటే నిమిషానికి 600 మిల్లీలీటర్లు. విమానం నేల మీద సమంగా నిల్చున్నప్పుడు ఈ పరీక్ష పాసైతే సరిపోదు. ముక్కు లేచినప్పుడు ట్యాంకుకీ కార్బురేటర్‌కీ మధ్య ఎత్తు తేడా తగ్గుతుంది. తేడా అక్కడే బయటపడుతుంది.

ట్యాంకు వెంట్ మూసుకుపోయినా లక్షణాలు ఇవే. నేల మీద మూత వదులు చేసి నడిపినప్పుడు బాగుంటే వెంట్‌లో పురుగు గూడో మట్టో ఉన్నట్టే. ఎగ్జాస్ట్ పక్కనుంచి వెళ్లే ఇంధన పైపులో పెట్రోలు ఆవిరై బుడగలు కట్టడం ఇంకో కారణం. వేడి ఇంజన్‌ని కాసేపు ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పైపుకి అగ్ని తట్టుకునే తొడుగు వేసి, ఎగ్జాస్ట్‌కి దూరంగా మళ్లించడమే దీనికి మందు. ఇథనాల్ కలిసిన పెట్రోలు వాడేవాళ్లు రబ్బరు పైపులు ఉబ్బి లోపలి దారి ఇరుకు కావడం లేదని కూడా చూసుకోవాలి.

కార్బురేటర్ మంచు చలి ప్రాంతాల సమస్య అనుకోవద్దు. బయట 20 డిగ్రీల సెల్సియస్ ఉన్నా, గాలిలో తేమ ఉంటే వెంచురీలో (కార్బురేటర్‌లోని ఇరుకు దారిలో) మంచు కడుతుంది. ఇంధనం ఆవిరవుతూ, గాలి వేగం పెరుగుతూ అక్కడి ఉష్ణోగ్రతని బాగా దించేస్తాయి. కార్బ్ హీట్ లాగగానే ఆర్‌పీఎం ఇంకా తగ్గి, ఇంజన్ కాసేపు గరగరలాడి, తర్వాత ముందుకంటే పైకి లేస్తే అది మంచే. ఆ గరగర విని భయపడి హీట్ వెంటనే ఆపేస్తే చేతులారా ఇబ్బంది తెచ్చుకున్నట్టే. కరిగిన నీరు ఇంజన్‌లోకి పోతున్న శబ్దం అది. ఓపిక పట్టాలి.

మూడో దారి ఇగ్నిషన్‌కి, కార్బురేటర్ సర్దుబాటుకి వెళ్తుంది. లైకమింగ్‌లో ఒక మ్యాగ్నెటో (ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చే యంత్రం, రెండు ఉంటాయి) మీద నడిపినప్పుడు ఆర్‌పీఎం 175కి మించి పడకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. చిన్న విమానాల్లో వాడే రోటాక్స్ 912 ఇంజన్‌లో 4,000 దగ్గర చూస్తారు. పడేది 300 లోపు, తేడా 115 లోపు. ఆర్‌పీఎం నున్నగా కొంచెం ఎక్కువ పడితే టైమింగ్ చూడండి. దడదడలాడుతూ పడితే ఒక ప్లగ్గు పనిచేయడం లేదు.

అసలు ఏమీ పడకపోతే సంతోషించొద్దు. స్విచ్ ఆఫ్ చేసినా ఆ మ్యాగ్నెటో గ్రౌండ్ కావడం లేదని, అంటే ప్రొపెల్లర్ ఎప్పుడూ ప్రాణంతోనే ఉందని దానర్థం. తాళం జేబులో ఉన్నా, ఎవరో బ్లేడు మీద చెయ్యి వేసి తిప్పితే ఇంజన్ ఒక్క దెబ్బ కొట్టగలదు. దీన్ని సరిచేసేదాకా ఆ విమానం దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి.

రోటాక్స్ 912 మీద రెండు బింగ్ కార్బురేటర్లు ఉంటాయి. రెండూ ఒకేలా తెరుచుకోకపోతే ఐడిల్‌లో ఊగిపోయి, పైకెళ్తే కొంత సర్దుకుంటుంది. వ్యాక్యూమ్ గేజ్‌లు పెట్టి రెండింటినీ సమం చేయడం గంట పని. అది చేయకుండా "ప్రొపెల్లర్ బ్యాలెన్స్ పోయింది" అని డబ్బు పెట్టినవాళ్లని చూశాను. బౌల్‌లోని ఫ్లోట్లు ఇంధనం పీల్చుకుని బరువెక్కడం కూడా ఈ ఇంజన్‌లో తెలిసిన సమస్యే. అవి మునిగితే మిశ్రమం రిచ్ అయి ఇంజన్ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు నడుస్తుంది. ఒక బౌల్‌లోని రెండు ఫ్లోట్లు కలిపి 7 గ్రాములు దాటితే మార్చేయాలి.

టూ స్ట్రోక్ ఇంజన్లలో ప్రొపెల్లర్‌నీ ఇంజన్‌నీ విడదీసి చూడలేం. రోటాక్స్ 582 లాంటివాటిలో పిచ్ మారితే ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత కూడా మారుతుంది. పిచ్ తక్కువై ఇంజన్ మీద బరువు చాలకపోతే ఆ ఉష్ణోగ్రత ఎక్కుతుంది. పిచ్ మరీ ఎక్కువైతే అది దిగి, సిలిండర్ హెడ్ వేడెక్కుతుంది. ఈ సంగతి తెలియక ఎగ్జాస్ట్ వేడి తగ్గించడానికి జెట్లు (కార్బురేటర్‌లో ఇంధనాన్ని కొలిచి వదిలే రంధ్రాలు) మారుస్తూ పోయేవాళ్లు ఎక్కువ. 582 సుమారు 6,500 వరకు తిరిగే ఇంజన్. ముందు ప్రొపెల్లర్ పిచ్ సరిచేసి, ఫుల్ థ్రాటిల్‌లో ఆ దరిదాపులకి రానిచ్చి, ఆ తర్వాతే జెట్ల జోలికి వెళ్లాలి.

మూడు అంకెలు రాసుకోండి

ఇంజన్ బాగుందని తేలాక ప్రొపెల్లర్ సంగతి. దీనికి మూడు అంకెలు చాలు: నేల మీద ఫుల్ థ్రాటిల్, క్లైమ్ వేగంలో ఫుల్ థ్రాటిల్, లెవెల్ ఫ్లైట్‌లో ఫుల్ థ్రాటిల్.

నేల మీద తక్కువగా ఉండి, లెవెల్ ఫ్లైట్‌లో రెడ్‌లైన్‌కి చేరితే అది క్రూజ్ ప్రొపెల్లర్. తప్పేమీ లేదు, పొడవైన రన్‌వే ఉంటే ఉంచుకోవచ్చు. నేల మీద బాగుండి, లెవెల్‌లో రెడ్‌లైన్ దాటితే పిచ్ తక్కువ. మూడు చోట్లా తక్కువే అయితే, ఇంజన్ బాగుందని నిజంగా తేల్చుకున్నాక మాత్రమే, పిచ్ ఎక్కువని తీర్మానించండి. అనుమానం తీరకపోతే అదే ఇంజన్ ఉన్న మిత్రుడి ప్రొపెల్లర్‌ని ఒక్క ఉదయం అడిగి బిగించి చూడండి. ఆయన ఇంజన్ మీద వచ్చే అంకె మీ దగ్గర రాకపోతే సంగతి తేలిపోయినట్టే. ఆర్‌పీఎం మూడు చోట్లా సరిగా ఉండి విమానం మాత్రం ఎక్కకపోతే బరువు, డ్రాగ్, టాకోమీటర్... ఈ మూడింటినీ చూడాలి.

పిచ్, వ్యాసం: మీ విమానం వేగమే నిర్ణయిస్తుంది

ప్రొపెల్లర్ మీద 54×46 అని ఉంటే వ్యాసం 54 అంగుళాలు, పిచ్ 46 అంగుళాలు. పిచ్ అంటే జారకుండా మరలా దూసుకుపోతే ఒక చుట్టులో ముందుకు కదిలే దూరం. పిచ్‌ని ప్రొపెల్లర్ ఆర్‌పీఎంతో, ఆపై 0.001524తో గుణిస్తే గంటకు కిలోమీటర్లలో వేగం వస్తుంది. 46 అంగుళాలకి, 3,200 ఆర్‌పీఎంకి సుమారు 224. నిజమైన వేగం దీనికంటే తక్కువే ఉంటుంది, 190 దాకా వస్తే ప్రొపెల్లర్, విమానం కలిశాయనుకోవచ్చు. మీ విమానం ఫుల్ థ్రాటిల్‌లో 130 మాత్రమే పోతుంటే 46 పిచ్ దానికి అనవసరం. బ్లేడు గాలిని తోయడం మానేసి చిలుకుతూ ఉంటుంది. గేర్‌బాక్స్ ఉన్న ఇంజన్లకి ప్రొపెల్లర్ ఆర్‌పీఎం వేరే లెక్కకట్టాలి. రోటాక్స్ 912 యూఎల్ఎస్ గేర్ నిష్పత్తి 2.43, కాబట్టి ఇంజన్ 5,800 తిరిగితే ప్రొపెల్లర్ తిరిగేది సుమారు 2,390.

క్లైమ్ పిచ్చా, క్రూజ్ పిచ్చా అని అడిగితే, మొదటి యాభై గంటలకి క్లైమ్ వైపు మొగ్గమంటాను. కొత్త విమానం, కొత్త ఇంజన్, దాని అలవాట్లు ఇంకా తెలియవు. అప్పుడు కావాల్సింది త్వరగా ఎత్తు ఎక్కడం. క్రూజ్‌లో రెడ్‌లైన్ దాటకుండా థ్రాటిల్ కొంచెం వెనక్కి లాగితే చాలు. క్రూజ్ ప్రొపెల్లర్‌తో చెట్ల ముందు ఎత్తు చాలకపోతే లాగడానికి ఏమీ మిగలదు.

వ్యాసం విషయంలో ఎంత పెద్దదైతే అంత మంచిదన్నది సూత్రం. ఎక్కువ గాలిని నెమ్మదిగా తోయడం, కొద్ది గాలిని వేగంగా తోయడం కంటే లాభం. 1903లో రైట్ సోదరులు 12 హార్స్‌పవర్ ఇంజన్‌తో ఎగరగలిగారంటే కారణాల్లో ఒకటి ఇదే. ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లు రెండింటిని చైన్లతో నిమిషానికి సుమారు 350 చుట్లే తిప్పారు. ఈ సూత్రానికి రెండు హద్దులున్నాయి. ఒకటి నేల. ముక్కు చక్రం ఉంటే కనీసం 18 సెంటీమీటర్లు, తోక చక్రం ఉంటే లెవెల్ స్థితిలో 23 సెంటీమీటర్లు ఖాళీ ఉంచడం సర్టిఫైడ్ విమానాల పద్ధతి. మనమూ తగ్గకూడదు. రెండోది శబ్ద వేగం. 15 డిగ్రీల దగ్గర అది సెకనుకు 340 మీటర్లు. మందపాటి చెక్క బ్లేడు కొస 260 దాటితే పవర్ చప్పుడుగా పోవడం మొదలవుతుంది. డైరెక్ట్ డ్రైవ్ ఫోక్స్‌వ్యాగన్ ఇంజన్‌కి 3,400 ఆర్‌పీఎంలో 54 అంగుళాల ప్రొపెల్లర్ కొస వేగం 244. అదే 60 అంగుళాలైతే 271. ఆ ఇంజన్ మీద చిన్న ప్రొపెల్లర్లే కనిపించడానికి కారణం ఇదే. నెమ్మదిగా ఎగిరే, డ్రాగ్ ఎక్కువున్న విమానానికి గేర్‌బాక్స్ ఇంజన్ ఎందుకు నప్పుతుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. ప్రొపెల్లర్ నెమ్మదిస్తుంది కాబట్టి వ్యాసం పెంచుకోవచ్చు.

రెండు బ్లేడ్లా మూడా అన్న చర్చకి నేను ఎక్కువ సమయం ఇవ్వను. నేల ఎడం సరిపోతే రెండు బ్లేడ్లు తేలిక, చవక, సామర్థ్యం కొంచెం ఎక్కువ. ఎడం తక్కువైతే, లేదా నడక నున్నగా ఉండాలనుకుంటే మూడు.

చెక్క, అల్యూమినియం, కాంపోజిట్

చెక్క ప్రొపెల్లర్ మీద నాకు ప్రేమ ఎక్కువ. తేలిక, కంపనాన్ని తనలోనే మింగేస్తుంది, అలసట (పదేపదే ఒత్తిడి పడి బలహీనపడటం) వల్ల విరగడం అరుదు. ఫోక్స్‌వ్యాగన్ లాంటి కారు ఇంజన్ల క్రాంక్‌షాఫ్ట్‌ని ప్రొపెల్లర్ మోయడానికి తయారు చేయలేదు. దాని కొసన బరువైన లోహపు ప్రొపెల్లర్ తగిలిస్తే షాఫ్ట్ విరిగే ప్రమాదం నిజమైనది. ఆ ఇంజన్‌కి చెక్కే, ఇంకో మాట లేదు. అయితే చెక్కకి వాన పడదు. వానలో ఫుల్ ఆర్‌పీఎంలో ఎగిరితే ముందు అంచు కొట్టుకుపోతుంది. తప్పించుకోలేకపోతే ఆర్‌పీఎం తగ్గించి నడపాలి. పిచ్ నచ్చకపోతే ఇంకోటి కొనడమే తప్ప మార్చే దారి లేదు. కొసలు సొంతంగా కోసి ఆర్‌పీఎం పెంచే ప్రయత్నం చేయకండి.

అల్యూమినియం బ్లేడు పలచగా ఉంటుంది కాబట్టి వేగవంతమైన విమానాలకి సామర్థ్యం బాగుంటుంది. వానని లెక్కచేయదు. వర్క్‌షాప్‌లో పిచ్ కొంతవరకు మార్చించుకోవచ్చు. ఇబ్బంది దాని బరువు, దాని అలసట. రాయి తగిలి పడిన చిన్న గాటు దగ్గర ఒత్తిడి పోగై, పగులు మొదలై, ఒకరోజు బ్లేడు కొస ఊడిపోవచ్చు. ఆ అసమతుల్యత ఇంజన్‌ని మౌంట్ నుంచి పెరికేయగలదు. అందుకే ప్రతి ఫ్లైట్ ముందు వేలితో అంచు తడిమి చూడాలి. ఒక ప్రొపెల్లర్, ఒక ఇంజన్ కలిసినప్పుడు కొన్ని ఆర్‌పీఎంల దగ్గర కంపనం ప్రమాదకరం అవుతుంది. లైకమింగ్ ఓ-320 మీద సెన్సెనిక్ 70సీఎం ప్రొపెల్లర్‌కి 2,600 హద్దు ఉండటం అందుకే. ఇంజన్‌లో హై కంప్రెషన్ పిస్టన్లో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్నో పెట్టారంటే పాత కంపన పరీక్షలు మీకు వర్తించవని గుర్తుంచుకోండి. పాత విమానం నుంచి తీసిన అల్యూమినియం ప్రొపెల్లర్ చవకగా దొరికినప్పుడు ఈ విషయం ఎవరూ అడగరు. మీరు అడగాలి.

కార్బన్ ఫైబర్ బ్లేడ్లతో, నేల మీద పిచ్ మార్చుకునే ప్రొపెల్లర్లు మనలాంటివాళ్లకి గొప్ప వరం. పైన చెప్పిన మూడు అంకెలు చూసి, అర డిగ్రీ తిప్పి, మళ్లీ ఎగిరి చూడొచ్చు. రోటాక్స్ 912 మీద ఒక డిగ్రీకి ఇంజన్ ఆర్‌పీఎం సుమారు 200 మారుతుంది. కాబట్టి డిజిటల్ యాంగిల్ గేజ్‌తో బ్లేడ్లన్నీ 0.2 డిగ్రీల లోపు సమానంగా పెట్టాలి. ఒక బ్లేడు వేరుగా ఉంటే వచ్చే వణుకు ఇంజన్ తప్పులా కనిపిస్తుంది. వార్ప్ డ్రైవ్, కీవ్ ప్రాప్, ఈ-ప్రాప్స్, సెన్సెనిక్ లాంటివి ఈ రకంలో బాగా తెలిసిన పేర్లు. వాటి మధ్య ఎంచుకునేటప్పుడు నేను చూసేది బరువు పంపిణీ. గేర్‌బాక్స్‌కి జడత్వ పరిమితి (కొసల వైపు ఎంత బరువు మోయగలదన్న హద్దు) ఉంటుంది. 912కి 6,000 కేజీ చదరపు సెంటీమీటర్లు, 582 మీద బి-గేర్‌బాక్స్ అయితే 3,000 మాత్రమే. పొడవైన, కొస బరువున్న మూడు బ్లేడ్లని బి-గేర్‌బాక్స్‌కి తగిలిస్తే పళ్లు అరిగి ముందుగా పోయేది గేర్‌బాక్సే.

912కి పిచ్ పెట్టేటప్పుడు లెవెల్ ఫ్లైట్‌లో ఫుల్ థ్రాటిల్ ఇస్తే 5,600 నుంచి 5,800 మధ్య వచ్చేలా చూసుకోండి. 5,800 ఐదు నిమిషాలకే, నిరంతరం నడపడానికి 5,500. ఫుల్ థ్రాటిల్ ఇచ్చి 5,200 కంటే తక్కువలో ఎక్కువసేపు లాగించడం ఈ ఇంజన్‌కి మంచిది కాదు. క్రూజ్‌లో ఇంధనం ఆదా అవుతుందని పిచ్ పెంచేవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు.

ఎగురుతూ పిచ్ మార్చుకునే కాన్‌స్టెంట్ స్పీడ్ ప్రొపెల్లర్ అన్నిటికంటే సమర్థమైనది. టేకాఫ్‌లో పూర్తి ఆర్‌పీఎం, క్రూజ్‌లో వేగం, రెండూ ఇస్తుంది. 250 కిలోమీటర్లు దాటి పోయే విమానానికి దాని బరువు, ఖర్చు న్యాయమే. కానీ అది ఇంజన్ బలహీనతని దాచేస్తుంది. పవర్ తగ్గితే గవర్నర్ పిచ్ తగ్గించి ఆర్‌పీఎంని అక్కడే నిలబెడుతుంది. కార్బ్ మంచు కట్టినా టాకోమీటర్ కదలదు, మ్యానిఫోల్డ్ ప్రెషర్ గేజ్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి చూపేది) మాత్రమే చెబుతుంది. కొత్త ఇంజన్‌తో మొదటి వంద గంటలు ఫిక్స్‌డ్ లేదా నేల మీద మార్చుకునే ప్రొపెల్లర్‌తో గడిపి, ఇంజన్ అంకెలన్నీ పుస్తకంలోకి ఎక్కాక దీనికి మారండి.

వణుకు ఎవరిది?

ఆర్‌పీఎంతో పాటు సమంగా పెరిగే వణుకు బ్యాలెన్స్‌ది. ఒక్క రేంజ్‌లోనే వచ్చి పోయేది మౌంట్ రబ్బర్లది, లేదా రెజొనెన్స్‌ది. అదే ఆర్‌పీఎంలో థ్రాటిల్ మూసి గ్లైడ్ చేస్తే మాయమైతే అది మంటది, అంటే ప్లగ్గులు, మిశ్రమం. ఇంకా తేలకపోతే రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్‌ని విప్పి ఫ్లాంజ్ మీద 180 డిగ్రీలు తిప్పి బిగించండి. వణుకు తీరు మారితే ప్రొపెల్లర్ లేదా హబ్ వైపు చూడాలి. బ్లేడు కొసలు ఒకే దారిలో తిరుగుతున్నాయా అన్నది ఒక కుర్చీ, ఒక పెన్సిల్ పెట్టి చూడొచ్చు: చెక్కకి 3 మిల్లీమీటర్ల లోపు, అల్యూమినియానికి 1.5 లోపు తేడా ఉండాలి. దీనికి ముందు ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ప్లగ్గులు తీసేయండి.

చెక్క ప్రొపెల్లర్ ఎంచుకున్నవాళ్లకి ఇంకో పని ఉంది. చెక్క తేమకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుంటుంది. తేమ కాలంలో టార్క్ పెట్టిన బోల్టులు పొడి కాలంలో వదులవుతాయి. అప్పుడు పవర్ హబ్ రాపిడి మీద కాకుండా బోల్టుల మీద పడి, హబ్ దగ్గర చెక్క మాడుతుంది. మొదటి ఫ్లైట్ తర్వాత, 25 గంటలకి, తర్వాత ప్రతి 50 గంటలకి, కాలం మారినప్పుడల్లా తయారీదారు చెప్పిన టార్క్ సరిచూడండి. విమానం నిలిపేటప్పుడు ప్రొపెల్లర్‌ని అడ్డంగా ఉంచండి. నిలువుగా వదిలేస్తే తేమ కింది బ్లేడులోకి దిగి, కొన్ని వారాల్లోనే బ్యాలెన్స్ పోతుంది.